పైతాన్‌లో మన మాట ఎవరు వింటారు?

పోయిన నెల మన పత్రిక విషయసూచిక కోసం ఒక చిన్న పైతాన్ స్క్రిప్ట్ రాశాను. ఎవరెవరు ఏం రాశారో షీట్‌లో ఉంటుంది కదా, దాన్ని చదివి పేజీ నంబర్లతో వరసగా లిస్టు ఇవ్వాలి. అంతే పని. తెలుగు క్లబ్ పని కాబట్టి వేరియబుల్స్ పేర్లు కూడా తెలుగులోనే పెడదామని సరదా పుట్టింది. శీర్షిక, రచయిత, పేజీ అని పెట్టాను. అన్నీ పనిచేశాయి. పైతాన్ 3లో ఇది నిజంగానే కుదురుతుంది. నమ్మకం లేకపోతే వయసు = 19 అని కొట్టి చూడండి.

తర్వాత సాఫ్ట్‌వేర్ మీద వచ్చిన వ్యాసాలు ఎన్నో లెక్కపెట్టడానికి ఇలా రాశాను:

సాఫ్ట్‌వేర్ = 0

వెంటనే సింటాక్స్ ఎర్రర్. అచ్చులో కనిపించని అక్షరం ఏదో ఉందట, దాని నంబర్ 200సీ అట. అరగంట తల బద్దలు కొట్టుకున్నాక అర్థమైంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ తర్వాత వచ్చే ‘వే’ కిందికి వత్తుగా దిగిపోకుండా మధ్యలో ఒక కనిపించని అక్షరం ఉంటుంది. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. మనం టైప్ చేసే టూల్ దాన్ని దానంతటదే పెట్టేస్తుంది. అది తీసేస్తే మాట ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. చదవొచ్చు, కానీ కళ్లకి గుచ్చుకుంటుంది. ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాటలు తెలుగులో రాస్తే సగం వాటిలో ఈ కనిపించని అక్షరం ఉంటుంది. పైతాన్ మాత్రం పేర్లలో దాన్ని రానివ్వదు.

నాకు మండింది. ‘మీ భాషకి తెలుగు అంటే లెక్క లేదా’ అనే ధోరణిలో ఇంగ్లిష్‌లో పొడుగ్గా ఒక ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. నా రూమ్మేట్ వెనక నుంచి చదివి, “ఇది ఎవరికి పంపుతావ్ రా?” అన్నాడు.

“పైతాన్ వాళ్లకి.”

“పైతాన్ వాళ్లంటే ఎవరు?”

నా దగ్గర జవాబు లేదు. రెండేళ్లుగా రోజూ వాడుతున్న భాష. అందులో ఏది ఉండాలో, ఏది వద్దో నిర్ణయించేది ఎవరో నాకు తెలియదు. ఓపెన్ సోర్స్ కాబట్టి ‘అందరూ’ అని ఎక్కడో అనుకున్నట్టున్నాను. ఫిర్యాదు పక్కన పెట్టి అది తెలుసుకోవడానికి కూర్చున్నా. ఈ వ్యాసం అలా పుట్టింది.

ముందు ఒక అపోహ. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరూ చూడొచ్చు, కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ మీరు మార్చింది అసలు ప్రాజెక్టులో కలపాలంటే ఆ హక్కు ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి. వాళ్లు కొద్దిమందే. పైతాన్‌లో వాళ్లని కోర్ డెవలపర్స్ అంటారు. వాళ్లకి పైన చాలా ఏళ్లపాటు ఒకే ఒక్క మనిషి ఉండేవాడు, భాషని పుట్టించిన గీడో వాన్ రాసమ్. 1989 డిసెంబరులో మొదలుపెట్టి 1991లో మొదటిసారి బయటపెట్టాడు. ఆయనకి 1995 నుంచి సరదాగా ఒక బిరుదు ఉండేది, ‘బెనెవొలెంట్ డిక్టేటర్ ఫర్ లైఫ్’. అంటే జీవితకాలం దయగల నియంత. ఎంత చర్చ జరిగినా చివరి మాట ఆయనదే.

అయితే నియంత అన్నారు కదా అని మనసులో ఏది తోస్తే అది చేసేవాడు కాదు. 2000 నుంచి ఒక పద్ధతి ఉంది. భాషలో పెద్ద మార్పు కావాలంటే దానికి ఒక పత్రం రాయాలి. దాన్ని పెప్ అంటారు, పైతాన్ ఎన్‌హాన్స్‌మెంట్ ప్రపోజల్. మార్పు ఏమిటి, ఎందుకు, ఎవరి కోడ్ విరుగుతుంది, వేరే దారులు ఏవి చూశారు, ఎందుకు కాదన్నారు, అన్నీ అందులో ఉండాలి. వ్యతిరేకించినవాళ్లు ఏమన్నారో కూడా రాయాలి. ఓడిపోయిన వాదన కూడా పత్రంలో మిగులుతుంది. ఈ రూలు నాకు బాగా నచ్చింది. మన హాస్టల్ మెస్ కమిటీ మీటింగుల్లో ఇలాంటిది ఒక్కటుంటే ఎంత బావుండేదో!

సరే, వయసు = 19 అనేది ఎలా వచ్చిందో వెతికితే పెప్ 3131 దొరికింది. 2007 నాటిది. రాసింది మార్టిన్ ఫాన్ లోవిస్ అనే జర్మన్. అంతవరకు పైతాన్‌లో పేర్లకి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. ఇంగ్లిష్ రానివాళ్లు కూడా ప్రోగ్రాములు రాస్తారు, వాళ్లు తమ పేర్లని తమ లిపిలో పెట్టుకోనివ్వాలి అన్నది ఆయన వాదన.

దీనికి పెద్ద గొడవే జరిగింది. అభ్యంతరాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. నా కీబోర్డులో లేని అక్షరాలతో రాసిన కోడ్‌ని నేనెలా సరిచెయ్యాలి? ప్రపంచమంతా ఒకే లిపిలో రాస్తే ఒకరి కోడ్ ఒకరు చదువుకోగలరు, ఇప్పుడది ముక్కలవదా? రష్యన్ లిపిలో ‘ఎ’ లాంటి అక్షరం ఇంగ్లిష్ ‘ఎ’లాగే కనిపిస్తుంది కానీ కంప్యూటర్‌కి వేరు, ఎవడైనా దాన్ని మోసానికి వాడితే? ఈ మూడూ 2007లో ఎంత నిజమో ఇప్పటికీ అంతే నిజం.

గీడో ఒప్పుకున్నాడు. ఒక మెలిక మాత్రం ఉంది. పైతాన్‌తో పాటు వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో పేర్లన్నీ పాత ఇంగ్లిష్ అక్షరాలతోనే ఉండాలి. మీ ఇంట్లో మీ భాష, నలుగురూ వాడే చోట ఉమ్మడి భాష.

ఇక్కడ నన్ను ఆపింది ఒక విషయం. 2007లో పైతాన్ గురించి గట్టిగా అభిప్రాయం చెప్పగలిగినవాళ్లు ఎవరు? అప్పటికే పైతాన్ వాడుతున్నవాళ్లు, ఇంగ్లిష్‌లో వాదించగలిగినవాళ్లు. ఇంగ్లిష్ రానందువల్ల ప్రోగ్రామింగ్ దగ్గరికే రానివాళ్లు ఆ చర్చలో ఉండే అవకాశమే లేదు. చేతులెత్తించి లెక్కపెడితే గదిలో ఉన్నవాళ్ల చేతులే లేస్తాయి. యూజర్ల మాట వినాలి అంటాం. ఇంకా యూజర్లు కానివాళ్ల మాట ఎలా వినాలి? అది ఎవరో ఒకరు వాళ్ల తరఫున ఊహించి నిర్ణయించాల్సిందే. నేను అప్పటికి ఊయల్లో కూడా లేను. నా వయసు అనే వేరియబుల్ మీద నిర్ణయం మాత్రం అయిపోయింది.

అదే సమయంలో ఇంకా పెద్ద నిర్ణయం ఒకటి నడుస్తోంది, పైతాన్ 3. ఇది మన తెలుగువాళ్లకి నేరుగా తగిలేది కాబట్టి కొంచెం ఆగుతాను. పైతాన్ 2లో మామూలు కోట్స్ మధ్య ‘తెలుగు’ అని రాసి పొడవు ఎంత అని అడిగితే 18 అనేది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు, అందులో ఆరు కోడ్‌లు. సరైన జవాబు కావాలంటే కోట్స్ ముందు ‘యు’ అక్షరం పెట్టాలి, ఫైల్ పైన ఎన్‌కోడింగ్ ఏమిటో రాయాలి. మరచిపోతే ఎర్రర్. పైతాన్ 3లో అన్ని స్ట్రింగ్‌లూ యూనికోడే. ఏ ‘యు’ అక్కర్లేదు. ‘తెలుగు’ పొడవు 6. మన లెక్కలో అది మూడక్షరాలే అనుకోండి, ఆ పంచాయితీ వేరు.

మనకి వరం. కానీ ఇంగ్లిష్ అక్షరాలతోనే పని గడిచిపోయేవాళ్లకి? పనిచేస్తున్న కోడ్ ఊరికే విరిగింది. 2008 డిసెంబరు 3న పైతాన్ 3.0 వస్తే, ఏళ్ల తరబడి చాలామంది 2ని వదల్లేదు. వాళ్ల మొండితనం అని తేల్చెయ్యడం అన్యాయం. ఒక వెబ్ లైబ్రరీ రాసినాయన పరిస్థితి చూడండి. ఆయన యూజర్లు కొందరు 2లో, కొందరు 3లో ఉన్నారు. ఒకే కోడ్ రెంటిలోనూ నడవాలి. 2లో ‘యు’ తప్పనిసరి, 3లో ‘యు’ పెడితే సింటాక్స్ ఎర్రర్. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి.

ఫ్లాస్క్‌ని తయారుచేసిన ఆర్మిన్ రోనాకర్ ఇదే విషయం మీద పెప్ 414 రాశాడు. ‘యు’కి 3లో ఏ అర్థమూ అక్కర్లేదు, ఊరికే ఉండనివ్వండి, ఎర్రర్ మాత్రం ఇవ్వకండి అని. భాషని శుభ్రం చేద్దామనుకున్నవాళ్లకి ఇది వెనకడుగే. అయినా ఒప్పుకున్నారు. 2012లో వచ్చిన పైతాన్ 3.3లో ‘యు’ తిరిగొచ్చింది, ఇప్పటికీ ఉంది. పైతాన్ 2కి సపోర్ట్ ఆపేసే గడువుని కూడా 2014లో మార్చారు. 2015 అనుకున్నది 2020 జనవరి 1 అయింది.

ఇందులో నాకు కనిపించింది ఇది. ‘యూనికోడ్ వైపు వెళ్లాలి’ అన్న దిశని ఎవరి ఒత్తిడికీ మార్చలేదు. ‘ఎలా వెళ్లాలి, ఎంత టైమ్’ అన్నది మాత్రం యూజర్లు చెప్పాకే తెలిసింది. మొదట్లోనే వినుంటే అంత బాధ ఉండేది కాదని నా అభిప్రాయం. నాలుగేళ్లు పట్టింది ఒక్క అక్షరం తిరిగి రావడానికి.

ఇక నియంత గారి కథ. 2018లో పెప్ 572 అని ఒకటి వచ్చింది. రాసిన ముగ్గురిలో గీడో కూడా ఒకడు. ఒక లెక్క చేస్తూ, అదే లైన్‌లో దానికి పేరు కూడా పెట్టుకోవడం:

(పొడవు := లెక్క(పద్యం)) > 10

ఆ := ని పక్కకి తిప్పి చూస్తే రెండు కళ్లు, రెండు దంతాలు ఉన్న వాల్రస్ మొహంలా ఉంటుందని దానికి వాల్రస్ ఆపరేటర్ అని పేరు పడింది. ఇంతే విషయం. ఎవరి పాత కోడూ విరగదు. ఇష్టం లేనివాళ్లు వాడకపోతే సరిపోతుంది. పైతాన్ 3 పెట్టిన బాధతో పోలిస్తే ఇది చీమంత.

కానీ గొడవ మాత్రం ఏనుగంత అయింది. నెలల తరబడి చర్చ. చదవడానికి కష్టం, పైతాన్ అందం పోతుంది, ఒకే పనికి రెండు దారులు ఎందుకు అని. నిజంగా కోడ్ విరిగినప్పుడు మాట్లాడాలంటే ఆ కోడ్ రాసి ఉండాలి. ఒక గుర్తు బాగుందా లేదా అని చెప్పడానికి ఎవరైనా చాలు. అందుకే చిన్న విషయానికే ఎక్కువమంది మాట్లాడారనుకుంటా. మా క్లాస్ టీషర్ట్ రంగు తేలడానికి పట్టిన టైమ్‌లో సగం కూడా ప్రాజెక్ట్ టాపిక్ తేలడానికి పట్టలేదు, అలాగన్నమాట.

గీడో దాన్ని ఒప్పుకున్నాడు. తర్వాత 2018 జులై 12న నియంత పదవి నుంచి తప్పుకుంటున్నట్టు రాశాడు. ఒక పెప్ కోసం ఇంత కొట్లాడాల్సి రావడం, ఇంతమంది తన నిర్ణయాన్ని అసహ్యించుకోవడం మళ్లీ తనకి వద్దన్నది ఆ ఉత్తరం సారాంశం. వారసుడిని కూడా పెట్టలేదు. ఎలా నడుపుకుంటారో మీరే తేల్చుకోండి అన్నాడు.

నేను ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. అంతకుముందు ఫీడ్‌బ్యాక్ అంటే ఉచితం అనుకునేవాణ్ని. చెప్పేవాడికి ఉచితమే. వినేవాడు ఒక్కడే అయితే ఆ మొత్తం బిల్లు అతనే కట్టాలి. నా ఫిర్యాదు డ్రాఫ్ట్ గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది.

తర్వాత అయిదు నెలలు పైతాన్‌కి రాజు లేడు. ఎలా నడుపుకోవాలో చెప్తూ ఏడు ప్రతిపాదనలు వచ్చాయి, అవి కూడా పెప్‌లే. మళ్లీ ఒక్క మనిషినే పెడదాం అని ఒకటి, ముగ్గురు చాలు అని ఒకటి, అసలు పైన ఎవరూ వద్దు అని ఇంకొకటి. కోర్ డెవలపర్స్ ఓటేస్తే 2018 డిసెంబరులో పెప్ 8016 గెలిచింది. అయిదుగురి స్టీరింగ్ కౌన్సిల్. ప్రతి పెద్ద రిలీజ్ తర్వాత మళ్లీ ఎన్నిక. ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లు ఇద్దరికి మించి ఉండకూడదు. కోర్ టీమ్‌లో మూడింట రెండు వంతులమంది నమ్మకం లేదంటే దిగిపోవాలి. అధికారాలు చాలానే ఉన్నాయి, కానీ వాటిని వీలైనంత తక్కువ వాడాలని అదే రూల్స్‌లో రాసుకున్నారు. మొదటి కౌన్సిల్‌లో గీడో కూడా అయిదుగురిలో ఒకడిగా ఉండి, తర్వాతి ఎన్నికలో తప్పుకున్నాడు.

గమనించారా, ఓటు కోర్ డెవలపర్స్‌కే. మీకూ నాకూ లేదు. మరి మన మాట ఎక్కడ?

దీనికి నాకు దొరికిన మంచి జవాబు 2021 ఏప్రిల్‌లో ఉంది. పైతాన్‌లో వేరియబుల్ పక్కన ‘ఇది పూర్ణాంకం’, ‘ఇది స్ట్రింగ్’ అని టైప్ రాసుకోవచ్చు కదా. వాటిని ప్రోగ్రాం నడిచేటప్పుడు లెక్కకట్టకుండా ఊరికే స్ట్రింగ్‌లుగా ఉంచెయ్యాలని పెప్ 563 చెప్పింది. అది ఎప్పుడో ఒప్పుకున్నదే. 3.10 నుంచి అందరికీ అదే డిఫాల్ట్ కావాలి. కానీ ఆ టైపుల్ని ప్రోగ్రాం నడుస్తుండగా చదివే లైబ్రరీలు ఈలోగా పెరిగాయి. పైడాంటిక్, దాని మీద నిలబడిన ఫాస్ట్ఏపీఐ. మన సీనియర్ల ప్రాజెక్టుల్లో ఫాస్ట్ఏపీఐ లేనిది వెతకాలి. ఈ మార్పు వస్తే అవి చాలాచోట్ల విరుగుతాయి.

పైడాంటిక్ రాసిన సామ్యూల్ కోల్విన్ ఆ ఏప్రిల్‌లో గట్టిగా గొంతెత్తాడు. 3.10 కొత్త ఫీచర్లకి తలుపు మూసుకునేది మే మొదట్లో. అంటే వారాలే ఉన్నాయి. కోర్ డెవలపర్స్‌లో కొందరికి చిరాకేసింది, ఇన్నేళ్లు ఏం చేశారు అని. న్యాయమే. పైడాంటిక్ వాళ్ల వైపు నుంచి చూస్తే, ఎక్కడ ఎలా విరుగుతుందో ముందు నుంచీ సమస్యలు నమోదవుతూనే ఉన్నాయి. అదీ న్యాయమే. ఏప్రిల్ 20న కౌన్సిల్ ఆ మార్పుని 3.10 నుంచి వెనక్కి తీసుకుంది. ఒప్పుకుని, కోడ్‌లో కలిపేసిన మార్పుని.

వాల్రస్ గొడవలో మాట్లాడినవాళ్లు చాలామంది, ఇక్కడ అంతమంది కాదు. అక్కడ నిర్ణయం మారలేదు, ఇక్కడ మారింది. అక్కడ ‘బాలేదు’ అన్నారు. ఇక్కడ ‘ఈ లైన్ ఇలా రాస్తే ఇక్కడ విరుగుతుంది, మీరు చెప్పిన ప్రత్యామ్నాయం ఈ ఉదాహరణలో పనిచెయ్యదు’ అన్నారు. పైగా లారీ హేస్టింగ్స్ అదే సమస్యకి వేరే దారి చెప్తూ పెప్ 649 అప్పటికే రాసి ఉంచాడు. చివరికి ఆ దారే గెలిచింది, 2025 అక్టోబరులో పైతాన్ 3.14తో వచ్చింది. నాలుగున్నరేళ్లు. ఎవరి కోడూ రాత్రికి రాత్రి విరగలేదు, ఎవరూ పదవి వదిలి పోలేదు.

ఇది అన్ని ప్రాజెక్టులకీ ఇలాగే ఉంటుందని చెప్పను. ఒక్కడే రాసి ఒక్కడే నడిపే చిన్న లైబ్రరీలు లక్షలున్నాయి. అక్కడ కౌన్సిలూ లేదు, పెప్పూ లేదు. ఆయనకి ఓపిక ఉంటే వింటాడు, లేకపోతే లేదు. నచ్చకపోతే కోడ్ కాపీ చేసుకుని వేరు కుంపటి పెట్టుకోవచ్చు. చెప్పడం సులువే, ఆ కుంపటి రోజూ వెలిగించడమే కష్టం.

మళ్లీ నా సాఫ్ట్‌వేర్ దగ్గరికి వస్తాను. ఆ కనిపించని అక్షరాన్ని ఎందుకు ఆపారో చూశాను. తెలుగు మీద కోపం కాదు. ‘రచయిత’ అనే పేరు చివర ఆ అక్షరం ఒకటి తగిలిస్తే కంటికి తేడా ఉండదు, పైతాన్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు వేరియబుల్స్ అవుతాయి. 2007లో చెప్పిన మోసం భయం ఇదే. ఈ భయానికి విరుగుడు యూనికోడ్ వాళ్ల పత్రంలోనే ఉంది. పేర్ల గురించి వాళ్లు రాసినదాంట్లో, ఆ అక్షరాన్ని ఎక్కడపడితే అక్కడ కాకుండా అది నిజంగా ఆకారాన్ని మార్చే చోట, అంటే పొల్లు తర్వాత హల్లు వచ్చే చోట, అనుమతించవచ్చని ఉంది. దానికి పర్షియన్, మలయాళం ఉదాహరణలు ఇచ్చారు, పర్షియన్‌లో అది ఉంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట, మలయాళంలో అది లేకపోతే రాత తప్పు. తెలుగు ఉదాహరణ లేదు.

కాబట్టి పాత డ్రాఫ్ట్ తీసేసి కొత్తది మొదలుపెట్టాను. ‘మీకు తెలుగంటే లెక్క లేదా’ అన్న వాక్యం పోయింది. ఏ రూలు మార్చాలి, ఎవరి పాత కోడ్ విరుగుతుంది (ఎవరిదీ కాదు, ఇప్పుడది ఎర్రరే కాబట్టి), ఎడిటర్లు ఏం చెయ్యాలి అని మూడు పేరాలు అయ్యాయి. నాలుగోది ఆగిపోయింది. ‘సాఫ్ట్‌వేర్’ అందులో బలమైన ఉదాహరణ కాదు, అక్షరం తీసేసినా అర్థం మారదు, అందమే పోతుంది. అందం గురించి మాట్లాడితే నాదీ వాల్రస్ గొడవే అవుతుంది.

స్క్రిప్ట్‌ని మాత్రం క్లబ్ సీనియర్ అక్క ఒక్క నిమిషంలో నడిపించింది. మధ్యలో అండర్‌స్కోర్ పెట్టి సాఫ్ట్_వేర్ అని రాసింది. ఈ సంచిక విషయసూచిక దానితోనే వచ్చింది.

నాకు కావలసింది ఒక తెలుగు మాట. పొల్లు తర్వాత హల్లు విడిగా నిలబడితే ఒక అర్థం, వత్తుగా కలిస్తే ఇంకో అర్థం రావాలి. తడితే క్లబ్ గ్రూప్‌లో పెట్టండి, మీ పేరుతోనే డ్రాఫ్ట్‌లో చేరుస్తా.